అదనపు వారంటీ కొనాలా, వద్దా: గోదావరి డెల్టా కొనుగోలుదారు తేల్చుకోవలసిన తీరు

భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం వంటి పట్టణాల్లోని గృహోపకరణాల షోరూముల్లో వస్తువు ధర కుదిరి, బిల్లు వేసే సమయానికి, అప్పటిదాకా మాటల్లో లేని ఒక ఖర్చు ముందుకు వస్తుంది. "ఇంకో మూడేళ్లు వారంటీ పెంచుకోండి, రోజుకు ఐదున్నర రూపాయలే పడుతుందండీ" అని అమ్మకందారు అంటాడు. ఆ మాటకు నిలబడిన చోటనే ఔననో కాదనో చెప్పవలసి వస్తుంది. ఆషాఢం ఆఫర్లలో గానీ, పెళ్లిళ్ల కాలంలో సారె సామాన్లన్నీ ఒకే బిల్లు మీద కొనేటప్పుడు గానీ, ఇలా ఒక్కొక్క వస్తువుకూ ఒప్పుకుంటూ పోతే ఆ మొత్తం మరో చిన్న వస్తువు ధరకు చేరుతుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన డెల్టాలో వస్తువులను పాడుచేసే ముఖ్య కారణాలు చాలావరకు ఈ వారంటీ పత్రాల్లోని మినహాయింపుల జాబితాలోనే కనిపిస్తాయి. కాబట్టి ఎక్కువ వస్తువుల విషయంలో ఆ డబ్బును స్టెబిలైజరుకో ఎర్తింగుకో పెట్టడం మేలు. అయితే కొన్ని వస్తువులకు, కొన్ని షరతులు కుదిరినప్పుడు, అదనపు వారంటీ కొనదగినదే. మీ వస్తువు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడానికి ఈ కింది క్రమంలో వెళ్లండి.

1. వస్తువుతో వచ్చే వారంటీలో ఏముందో ముందు చూడండి

షోరూముకు వెళ్లే ముందు కంపెనీ వెబ్‌సైటులో ఆ మోడల్ పేరు కొట్టి వారంటీ షరతులు చదవండి. ఫ్రిజ్ మీద, ఏసీ మీద పెద్ద అక్షరాలతో కనిపించే "10 సంవత్సరాల వారంటీ" సాధారణంగా కంప్రెసర్‌కు మాత్రమే వర్తిస్తుంది; వాషింగ్ మెషీన్ మీద అలాంటి అంకె ఉంటే అది మోటారుకు మాత్రమే. మిగిలిన వస్తువంతటికీ ఉండేది చాలా మోడళ్లలో ఒక్క ఏడాదే. అయిదో ఏట కంప్రెసర్ పాడైతే కంపెనీ కంప్రెసర్‌ను ఉచితంగా ఇచ్చినా, గ్యాస్ ఎక్కించిన ఖర్చు, మెకానిక్ కూలి, రవాణా, వీటిమీద జీఎస్టీ మీ చేతి నుంచే పడవచ్చు. అంటే పెద్ద భాగానికి ఇప్పటికే పదేళ్ల రక్షణ ఉంది; మీరు డబ్బిచ్చి కొంటున్నది మిగిలిన భాగాలకు, అందులోనూ ముఖ్యంగా పీసీబీ బోర్డుకు (యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పలకకు), కాయిల్‌కు (గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టకు), గ్యాస్‌కు రక్షణ. ఆ మిగిలిన భాగాలు ప్లాన్‌లో లేకపోతే మీకు దక్కేది దాదాపు ఏమీ లేదు.

ఇక్కడే మరో సంగతి. "నాలుగేళ్ల వారంటీ" అని అమ్మేవాటిలో చాలావరకు కంపెనీ ఇచ్చే మొదటి ఏడాదిని కూడా కలిపి లెక్క చెబుతారు. మీరు కొంటున్నది మూడేళ్లే. కంపెనీ వారంటీ ముగిసిన మరుసటి రోజు నుంచి ఎన్నేళ్లు వస్తుందో అడిగి, ఆ అంకెతోనే ధరను భాగించండి.

2. రోజు లెక్క వదిలి, మరమ్మతు లెక్క వేయండి

రోజుకు ఐదున్నర రూపాయలు అన్నది మూడేళ్లకు ఆరు వేలు. ఆ ఆరు వేలు వస్తువు ధరలో ఎంత అన్నదాని కన్నా, అది ఏ మరమ్మతు నుంచి మిమ్మల్ని కాపాడుతుంది అన్నది ముఖ్యమైన ప్రశ్న. మీ ఊళ్లో నమ్మకమైన మెకానిక్‌ను కలిసి, "ఈ వస్తువుకు రెండో ఏడాది నుంచి నాలుగో ఏడాది దాకా ఎక్కువగా వచ్చే పెద్ద మరమ్మతు ఏమిటి, దానికి ఎంతవుతుంది" అని అడగండి. ఒక ఫ్రిజ్‌కు ఆయన తొమ్మిది వేలు అన్నారనుకుందాం. ఆరు వేల ప్లాన్ మీకు గిట్టుబాటు కావాలంటే, అలాంటి ఫ్రిజ్‌లు మూడు ఉన్న చోట ఆ మూడేళ్లలో రెండు ఫ్రిజ్‌లకు ఆ పెద్ద మరమ్మతు రావాలి. మూడింట రెండు పాడయ్యే మోడల్ అయితే దాన్ని అసలు కొనకూడదు. అయిదింట ఒకటే పాడవుతుందని మెకానిక్ అంచనా అయితే, ఆ రక్షణకు న్యాయమైన విలువ పద్దెనిమిది వందల రూపాయలు. మిగిలిన నాలుగు వేల రెండు వందలు అమ్మినవారి ఖర్చులకూ లాభానికీ, కౌంటరు దగ్గర మిమ్మల్ని ఒప్పించినవారి కమిషన్‌కూ పోతాయి.

యంత్రాలు పాడయ్యే తీరులో ఒక సాధారణ క్రమం ఉంది. తయారీలోని లోపాలు మొదటి నెలల్లోనే బయటపడతాయి. అప్పుడు కంపెనీ వారంటీ ఉంటుంది. అరుగుదల వల్ల వచ్చే లోపాలు ఏడెనిమిదేళ్ల తర్వాత పెరుగుతాయి. అప్పటికి అదనపు వారంటీ కూడా ముగిసిపోతుంది. అదనపు వారంటీ కప్పేది ఈ రెండింటికీ మధ్య, యంత్రం కుదురుగా పనిచేసే కాలాన్ని. అమ్మేవారికి ఈ వ్యాపారం లాభసాటి కావడానికి ఇది ఒక ప్రధాన కారణం.

అయితే ఈ లెక్క అందరికీ ఒకేలా ఉండదు. పది వేల రూపాయల ఖర్చు ఒకేసారి మీద పడితే అప్పు చేయవలసి వచ్చే కుటుంబానికి, కొంచెం ఎక్కువ ధరకైనా రక్షణ కొనుక్కోవడం తప్పు నిర్ణయం కాదు. నెలకు కొంత పక్కన పెట్టగలిగినవారికి మాత్రం అదే డబ్బును పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేసి, ఇంట్లోని వస్తువులన్నిటికీ కలిపి ఒక మరమ్మతు నిధిగా ఉంచుకోవడమే మంచిది. ఏడాదిలో ఏ వస్తువు పాడైనా ఆ నిధి పనికి వస్తుంది; ఏదీ పాడవకపోతే డబ్బు మీదే.

3. మన దగ్గర వస్తువులు ఎందుకు పాడవుతాయో, ప్లాన్ వాటిని కప్పుతుందో లేదో చూడండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. షోరూములో ఇచ్చే రంగుల కరపత్రం కాకుండా, షరతుల పూర్తి పత్రాన్ని అడిగి తీసుకుని, అందులో "మినహాయింపులు" అన్న భాగాన్ని మొదట చదవండి.

మొదటిది వోల్టేజి. మన ఇళ్లకు రావలసిన సింగిల్ ఫేజ్ కరెంటు 230 వోల్టులు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఉన్న కొన్ని ఊళ్లలో ఏరియేటర్లన్నీ (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) తిరిగే రాత్రివేళల్లో వోల్టేజి పడిపోవడం, ఆ లోడు తగ్గగానే ఒక్కసారిగా పెరగడం అక్కడివారికి తెలిసిన విషయమే. ఇంతకన్నా ప్రమాదకరమైనది న్యూట్రల్ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగడం. గాలివానకు కొబ్బరి మట్టలు తీగల మీద పడి న్యూట్రల్ తెగినప్పుడు, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 వోల్టుల దాకా రావచ్చు. ఆ ఒక్క క్షణంలో టీవీ, ఫ్రిజ్, ఏసీ బోర్డులు అన్నీ కలిసి కాలిపోవచ్చు. చాలా వారంటీ పత్రాలు వోల్టేజి హెచ్చుతగ్గుల వల్ల కలిగిన నష్టాన్ని మినహాయిస్తాయి. కొన్ని ప్లాన్లు దాన్ని కలుపుకుంటాయి కూడా. కాబట్టి డెల్టా గ్రామాల్లో ఉండేవారు పత్రంలో అన్నిటికన్నా ముందు వెతకవలసిన వాక్యం ఇదే: విద్యుత్ సరఫరాలోని హెచ్చుతగ్గుల వల్ల పీసీబీ కాలితే చెల్లిస్తారా, లేదా. చెల్లించము అని ఉంటే, చదవడం అక్కడితో ఆపి వద్దని చెప్పవచ్చు.

కొన్ని ఇన్వర్టర్ ఏసీల మీద స్టెబిలైజర్ అవసరం లేదని రాసి ఉంటుంది. దాని పక్కనే చిన్న అక్షరాలలో 100 నుంచి 290 వోల్టుల వరకు అన్నట్టుగా ఒక హద్దు కూడా ఉంటుంది. ఆ హద్దు దాటితే బాధ్యత మీదే. ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు సరఫరాను పూర్తిగా ఆపివేసే స్టెబిలైజర్‌ను తీసుకోవడం, ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ పరీక్ష చేయించడం, తుఫాను తర్వాత కరెంటు వచ్చి నిలకడ పడేవరకు ప్లగ్గులు తీసి ఉంచడం ఏ వారంటీ కన్నా ఎక్కువ పని చేస్తాయి. ఇంట్లో తరచూ వోల్టేజి తేడా వస్తుంటే 1912కు ఫోన్ చేసి మన ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వద్ద ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడైనా వాదన వస్తే ఆ నంబరు ఒక ఆధారం.

రెండోది ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం, ఉప్పాడ వంటి తీర గ్రామాల్లో ఏసీ బయటి యూనిట్ తుప్పు పట్టే వేగం లోపలి పట్టణాల కన్నా ఎక్కువ. కాయిల్ తినేసి గ్యాస్ కారిపోవడం ఇక్కడ తరచూ వినే ఫిర్యాదు. తుప్పు, అరుగుదల అన్న మాటలు చాలా పత్రాల్లో మినహాయింపులుగా ఉంటాయి; గ్యాస్ నింపడాన్ని విడిగా మినహాయించేవీ ఉన్నాయి, ఏడాదికి ఒక్కసారే అని పరిమితం చేసేవీ ఉన్నాయి. సముద్రానికి దగ్గరగా ఉండేవారు "కాయిల్ తుప్పు వల్ల గ్యాస్ లీకైతే కాయిల్ మార్పు, గ్యాస్ రెండూ ఉచితమా" అన్న ప్రశ్నకు రాతపూర్వకంగా ఔనన్న జవాబు వస్తేనే డబ్బు కట్టాలి.

మూడోది నీరు. 2022 జూలైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కోనసీమ లంక గ్రామాల ఇళ్లలోకి నీరు చేరింది. 17.75 అడుగుల మూడో ప్రమాద హెచ్చరిక దాకా వెళ్లే ప్రతి వరదా ఆ ఇళ్లకు గండమే. వరద, తుఫాను, పిడుగు వంటి ప్రకృతి వైపరీత్యాల నష్టాన్ని అదనపు వారంటీలు సాధారణంగా కప్పవు. దీనికి మందు వేరే ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ తీసుకుంటే, వరద, తుఫాను వంటి ప్రమాదాల నుంచి ఇంటికీ ఇంట్లోని సామానుకూ రక్షణ ఉంటుంది. ఇంటి భవనానికి బీమా చేస్తే ఆ మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా, ఇంట్లోని సామాను కూడా దానంతట అదే చేరుతుంది. అయితే మామూలుగా యంత్రం చెడిపోతే ఈ పాలసీ చెల్లించదు. ఈ రెండు రకాల రక్షణల మధ్య తేడాను షోరూములో ఎవరూ వివరించరు, "అన్నీ కవరవుతాయండీ" అన్న ఒక్క మాటతో సరిపెడతారు.

నాలుగోది జీవులు. ఏసీ బయటి యూనిట్‌లోకి ఎలుక దూరి తీగలు కొరకడం, బల్లి పీసీబీ మీద పడి షార్ట్ కావడం, చీమలు స్విచ్చుల్లో గూడు కట్టడం పచ్చని ఊళ్లలో మామూలే. ఇవి కూడా సాధారణంగా మినహాయింపులే.

ఈ నాలుగింటినీ తీసివేశాక ప్లాన్‌లో మిగిలేది, సరైన వోల్టేజిలో, పొడిగా, శుభ్రంగా ఉన్న యంత్రం దానంతట అది చెడిపోవడం. దానికి ఆరు వేలు ఎక్కువ అనిపిస్తే, అలా అనిపించడం సబబే.

4. ప్లాన్ వెనక ఎవరున్నారో తెలుసుకోండి

పైకి అన్నీ ఒకేలా కనిపించినా ఇవి నాలుగు రకాలు. తయారీ కంపెనీ తానే ఇచ్చేది, బీమా కంపెనీ పాలసీ రూపంలో ఇచ్చేది, మరమ్మతుల సేవలు అందించే మూడో సంస్థ ఇచ్చేది, షోరూము తన సొంత పేరు మీద ఇచ్చేది. ఇదే క్రమంలో నమ్మకం తగ్గుతూ పోతుందని నేను అంటాను. తయారీ కంపెనీ ప్లాన్‌లో అసలు విడిభాగాలు, శిక్షణ పొందిన టెక్నీషియన్ దొరుకుతారు. బీమా పాలసీ అయితే క్లెయిమ్ తిరస్కరించినప్పుడు, బీమా ఫిర్యాదులను విని తేల్చే అధికారి అయిన ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లోని ఆ కార్యాలయం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు యానాంను కూడా చూస్తుంది, కాబట్టి పుదుచ్చేరి కింద ఉన్నా యానాం వారు ఎక్కడికో వెళ్లనక్కర లేదు. మూడో సంస్థ అయితే మీ పిన్‌కోడ్‌కు దాని మనుషులు వస్తారా అన్నదే ప్రశ్న. షోరూము సొంత ప్లాన్ అయితే, షోరూము మూతపడినా యజమాని మారినా మీ కాగితం ఎవరికి చూపాలో తెలియని స్థితి వస్తుంది.

పిన్‌కోడ్ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. వస్తువు కొన్నది నరసాపురంలో, ఇల్లు గోదావరి పాయ అయిన వశిష్ఠకు అవతల సఖినేటిపల్లి వైపు అయితే, టెక్నీషియన్ నది దాటించే పంటు ఎక్కి రావాలి. లంక గ్రామం అయితే పడవ కావాలి. "ఇంటి వద్దకే సేవ" అన్న మాట పక్కన కిలోమీటర్ల హద్దు ఉందా, దాటితే రవాణా ఖర్చు ఎవరిది అన్నది అడగండి. టోల్‌ఫ్రీ నంబరుకు షోరూములో నిలబడే ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడో అడగడం అన్నిటికన్నా సులువైన పరీక్ష. అమ్మేటప్పుడే ఫోన్ ఎత్తనివారు తర్వాత ఎత్తుతారని ఆశించనక్కర లేదు.

5. కాగితం మీద ఈ ప్రశ్నలకు జవాబు ఉండాలి

పైన చెప్పినవి కాక మరికొన్ని షరతులు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా నష్టం చేసేది తరుగుదల. 40,000 రూపాయలకు కొన్న వస్తువును మూడో ఏట మరమ్మతు చేయలేమని తేలిస్తే, కొత్తది ఇవ్వరు. ఏటేటా ఇంత శాతం తగ్గించి మిగిలిన విలువను, అది కూడా కొన్నిసార్లు అదే షోరూములో వాడుకోవలసిన వోచరుగా ఇస్తారు. ఏ ఏడాదికి ఎంత తగ్గిస్తారో పట్టిక అడగండి. మొత్తం మీద ఎంత వరకు చెల్లిస్తారు, ఎన్నిసార్లు క్లెయిమ్ చేయవచ్చు, ఒకసారి పెద్ద మొత్తం చెల్లించాక ప్లాన్ ముగిసిపోతుందా అన్నవి కూడా అందులోనే ఉండాలి.

సారె సామాన్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. బిల్లు తండ్రి పేరు మీద పాలకొల్లు చిరునామాతో ఉండి, ఫ్రిజ్ అమ్మాయి అత్తవారింట్లో హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉంటే, సేవ అడిగినప్పుడు పేరు, చిరునామా కలవలేదని తిప్పి పంపే అవకాశం ఉంది. వస్తువు వాడబోయే వారి పేరు, వాడబోయే ఊరి పిన్‌కోడ్ బిల్లులోనూ ప్లాన్‌లోనూ వేయించండి. లేదా పేరు మార్చుకునే వీలుందని రాయించుకోండి.

టిఫిన్ సెంటరులో, కూల్‌డ్రింక్ షాపులో పెట్టబోయే ఫ్రిజ్‌కు గృహ వినియోగపు ప్లాన్ కొనడం వృథా. వ్యాపార వాడకం అని తెలియగానే క్లెయిమ్ కొట్టివేస్తారు. ఇది ప్లాన్ షరతు మాత్రమే. స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి కొన్నవారిని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వినియోగదారుగానే గుర్తిస్తుంది. కాబట్టి కంపెనీ వారంటీ విషయంలో అలాంటివారు హక్కు వదులుకోవలసిన అవసరం లేదు.

గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన టీవీకి ఇక్కడి సర్వీస్ సెంటరులో కంపెనీ వారంటీ ఉంటుందని అనుకోకండి. చాలా కంపెనీలు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. తెచ్చే ముందు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న మనవారి చేత ఆ కార్డు చదివించండి.

6. వస్తువును బట్టి నిర్ణయం

ఇన్వర్టర్ ఏసీకి, తయారీ కంపెనీ స్వయంగా ఇచ్చే ప్లాన్‌లో పీసీబీ, కాయిల్, గ్యాస్ మూడూ ఉండి, ధర ఒక పెద్ద మరమ్మతులో సగానికి మించకపోతే, నేను కొనమనే చెబుతాను. డెల్టాలో ఏసీ వేసవి పొడవునా తిరుగుతుంది, గాలిలో తేమ ఎక్కువ, బోర్డు ఖరీదైనది. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు. అయితే ఏసీకి ఐదేళ్ల పూర్తి వారంటీ ముందే ఇచ్చే మోడళ్లు కూడా ఉన్నాయి. అదనపు వారంటీ ఖర్చును కలుపుకుని రెండు మోడళ్ల ధరలను పోల్చి చూడండి.

సాధారణ ఫ్రిజ్‌కు అక్కర లేదు. పక్కపక్క తలుపుల పెద్ద ఇన్వర్టర్ ఫ్రిజ్‌కు ఏసీకి చెప్పిన లెక్కే. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కు బోర్డు, డ్రమ్ బేరింగ్ రెండూ ఖరీదైనవి కాబట్టి ఆలోచించవచ్చు. టాప్ లోడ్‌కు, సెమీ ఆటోమేటిక్‌కు అనవసరం, వాటిని ఊళ్లోని మెకానిక్ బాగుచేస్తాడు. పెద్ద టీవీకి ప్రాణం ప్యానెల్. ప్యానెల్ మార్పు ఖర్చు టీవీ ధరలో పెద్ద వాటా కాబట్టి, తరుగుదల తీసివేయకుండా ప్యానెల్‌ను కప్పే ప్లాన్ అయితే విలువ ఉంది, తరుగుదల తీసేది అయితే లేదు.

నీళ్ల ప్యూరిఫయర్ సంగతి వేరు. తీరం వైపు భూగర్భ జలం ఉప్పగా ఉండే ఊళ్లలో మెంబ్రేన్ (నీటిని వడకట్టే పలుచని పొర), ఫిల్టర్లు త్వరగా పోతాయి, అవి చాలా వారంటీల్లో ఉండవు. అక్కడ వారంటీ పొడిగింపు కాకుండా, ఫిల్టర్లు, మెంబ్రేన్ కలిపి ఇచ్చే వార్షిక నిర్వహణ ఒప్పందం, అంటే ఏఎంసీ, తీసుకోండి. కరెంటు కోతల కోసం కొనే ఇన్వర్టర్ బ్యాటరీకి తయారీదారు వారంటీయే రెండు భాగాలుగా ఉంటుంది: మొదటి కొన్ని నెలల్లో పాడైతే పూర్తిగా మార్చి ఇస్తారు, తర్వాతి నెలల్లో కొత్త బ్యాటరీ మీద కొంత తగ్గింపు ఇస్తారు. మొత్తం అంకె కాకుండా మొదటి భాగం ఎన్ని నెలలో చూసి కొంటే చాలు. మిక్సీ, గ్రైండర్, ఇస్త్రీ పెట్టె, ఫ్యాన్‌లకు అదనపు వారంటీ అడిగితే నవ్వి వదిలేయండి. ఫోన్‌కు వారంటీ పొడిగింపు కన్నా స్క్రీన్ పగిలితే ఇచ్చే రక్షణ ఎక్కువ పనికొస్తుంది. ఆ రెండూ వేర్వేరు ప్లాన్లు.

7. కౌంటరు దగ్గర నిర్ణయించకండి

"ఇప్పుడు తీసుకోకపోతే తర్వాత కుదరదు" అన్న మాట అన్నిసార్లూ నిజం కాదు. కంపెనీ వారంటీ ముగిసేలోపు ఎప్పుడైనా తమ పొడిగింపు ప్లాన్‌ను కొనుక్కునే వీలు ఇచ్చే తయారీ కంపెనీలు ఉన్నాయి. అలాంటి బ్రాండు అయితే పదకొండో నెల దాకా ఆగండి. అప్పటికి ఒక వేసవి, ఒక వానకాలం గడిచి ఉంటాయి. మీ ఇంటి వోల్టేజి, ఆ యంత్రం తీరు, సర్వీస్ సెంటర్ స్పందన మూడూ మీకు తెలిసి ఉంటాయి.

వాయిదాల మీద కొనేవారు ఫైనాన్స్ కాగితాలను సంతకానికి ముందు ఒక్కసారి కూడి చూసుకోండి. ప్లాన్ ధర అప్పు మొత్తంలో కలిసిపోతే విడిగా కనిపించదు. వద్దంటే తీసివేయించండి. ప్లాన్ కొంటేనే వస్తువు అమ్ముతామని షరతు పెట్టడాన్ని 2019 చట్టం ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో కొంటే, మీరు నొక్కకుండానే బుట్టలో వారంటీ చేరి ఉందేమో చెల్లింపు పేజీలో చూడండి. ఇలా చేర్చడాన్ని, కాదంటే సిగ్గుపడేలా మాటలు రాయడాన్ని 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి. అందులో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో ఇవి రెండు.

8. కొన్నాక చేయవలసినవి

డబ్బు కట్టిన రోజే ప్లాన్‌కు విడిగా జీఎస్టీ బిల్లు అడగండి. ప్లాన్ నంబరు, వస్తువు సీరియల్ నంబరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉన్న సర్టిఫికెట్ వారం లోపు మెసేజిలోనో మెయిల్‌లోనో రాకపోతే ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి. కరపత్రం మీద వేసిన షోరూము ముద్ర ప్లాన్ అమలులోకి వచ్చిందనడానికి ఆధారం కాదు. బిల్లు, కార్డు, సర్టిఫికెట్‌లను ఫోటో తీసి ఇద్దరు కుటుంబ సభ్యుల ఫోన్లలో ఉంచండి. ఇప్పటి బిల్లుల్లో చాలావాటి మీది అక్షరాలు ఏడాది తిరగకుండానే వెలిసిపోతాయి.

ప్లాన్ ఉన్నంత కాలం బయటి మెకానిక్ చేత వస్తువును విప్పించకండి, అది క్లెయిమ్ తిరస్కరణకు తేలికైన సాకు అవుతుంది. లోపం కనిపించిన రోజే ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోండి, ముఖ్యంగా గడువు చివరి నెలలో. ముగింపు తేదీకి నెల రోజుల ముందు ఒక గుర్తు పెట్టుకుని, ఆ వారం వస్తువును అన్ని విధాలా నడిపి చూడండి.

9. తిరస్కరిస్తే

ఫోన్ మాటలతో ఆగిపోకుండా, ఏ షరతు ప్రకారం తిరస్కరించారో రాసి ఇవ్వమని మెయిల్ పంపండి. టెక్నీషియన్ "వోల్టేజి వల్ల" అని జాబ్ షీటు (చేసిన పని వివరాల కాగితం) మీద రాస్తే, ఏ ఆధారంతో రాశారో అడిగి, కాలిన బోర్డును ఫోటో తీసుకుని, ఒప్పుకోనట్టు రాసిగానీ సంతకం చేయకండి. ప్లాన్ బీమా పాలసీ అయితే ముందు ఆ కంపెనీకి రాసి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఏడాది లోపు అంబుడ్స్‌మన్‌కు వెళ్లండి.

బీమా కాని ప్లాన్లకు మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. వస్తువు ఎక్కడ కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, మీరు నివసించే ప్రాంతంపై అధికారం ఉన్న కమిషన్‌లోనే కేసు వేసే హక్కు 2019 చట్టంతో వచ్చింది. మీరు చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఫిర్యాదును ఇంటి నుంచే ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు. వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. వస్తువు బిల్లు, ప్లాన్ బిల్లు, సర్టిఫికెట్, షరతుల పత్రం, ఫిర్యాదు నంబర్లు, జాబ్ షీటు, తిరస్కరణ మెయిల్ ఈ వరుసలో జత చేసి, మరమ్మతు ఖర్చుతో పాటు వస్తువు పనిచేయని రోజుల ఇబ్బందికి పరిహారం, కేసు ఖర్చులు కూడా విడివిడిగా అంకెల్లో కోరండి.